పై గదిలోని విసనకర్ర పురుగు

రంగుచేపలు అమ్మే దుకాణం ముందు నుంచి వెళ్తుంటే ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి. తడి గాజు, ఉప్పునీళ్లు, నాచు కలిసిన ఆ వాసనకు సూరత్‌లో, నవాగామ్‌లోని మా పాత ఇంటి పై గది గుర్తొస్తుంది.

లాక్‌డౌన్ వచ్చేనాటికి నేను ఏడో తరగతి. మగ్గాలు ఆగిపోయి, ఎప్పుడూ దడదడలాడే మా గల్లీలో పావురాల రెక్కల చప్పుడు కూడా వినిపించేది. అమ్మ పొద్దుటి అన్నంలో పచ్చిపులుసు పోసి పెడితే, మగ్గం పని కోసం ఊరు విడిచి సూరత్ వచ్చిన, మరో పని ఎరగని మా నాన్న, బాపు, ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయేవాడు. పై గదిలో వరంగల్ నుంచి వచ్చి, సముద్రజీవుల గురించి చదువుకుంటున్న సునీత అక్క అద్దెకుండేది. ఆమె గాజుతొట్టిలో, రాయికి అతుక్కున్న మట్టిరంగు గొట్టం కొసన, తెలుపూ గోధుమరంగూ చారల ఈకల పువ్వొకటి విచ్చుకుని నీళ్లలో మెల్లగా ఊగుతుండేది.

"పువ్వు గాదు లావణ్యా, పురుగు. విసనకర్ర పురుగు అనుకో," అంది అక్క. "గా ఈకలతోనే ఊపిరి తీసుకుంటది, వాటితోనే తింటది. ఇల్లు గూడ తనే కట్టుకుంటది, తన జిగటల ఇసుక కలిపి."

నా చేతి నీడ పడగానే అది చటుక్కున గొట్టంలోకి మాయమైంది. మళ్లీ ఒక్కో ఈక బయటికొచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

మరుసటి ఎండకాలం అక్కకు జ్వరం వచ్చి, ఆయాసం ముదిరి, ఆసుపత్రిలో చేర్చారు. బాపు ముక్కుకు గుడ్డ కట్టుకుని, నీళ్లు బకెట్లలోకి తోడి, తొట్టిని మా గదిలోకి దించాడు. ఆ కుదుపుకో ఏమో, ఒక పొద్దున ఈకల గుత్తి మొత్తం ఊడి అడుగున పడి ఉంది. నేను బావురుమన్నాను. అమ్మ ఫోన్ కలిపింది. అక్క గొంతు మాటమాటకూ ఆగుతోంది.

"గొట్టం... తియ్యకు. లోపల్నే... ఉంటది. మళ్ల మొలుస్తయి."

అంతకుమించి ఆమె మాట్లాడలేకపోయింది. నాకు అక్క మీద బెంగో, పురుగు మీద బెంగో తెలియలేదు.

బాపు తొట్టి ముందు గొంతుక్కూర్చుని గొట్టాన్ని చాలాసేపు చూశాడు. "చేతుల్లెవ్వు, మగ్గం లేదు. ఎంత సాపుగ కట్టిందే, బిడ్డా!" అన్నాడు. ఆ రోజు నుంచి అటు ఎవరి నీడా పడనివ్వలేదు.

కొన్ని వారాలకు గొట్టం నోట్లో దూదిపింజంత కుచ్చు కనబడింది. ఇంటికి తిరిగొచ్చిన అక్క మెట్లెక్కలేక మా చాపమీదే కూలబడి, ఆ పాలిపోయిన చిన్ని ఈకలను చూసి నవ్వింది.

"నాకంటె ముందుగాల ఇదే లేచింది."

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, దాన్ని పడగొట్టి నాలుగంతస్తులు కట్టారు. అక్క పురుగుతో సహా సముద్రం పక్కనున్న ఓ ఊరికి ఉద్యోగానికి వెళ్లిపోయింది. అది ఇంకొన్నాళ్లు బతికిందట. మగ్గాలు మళ్లీ మోగుతున్నాయి. బాపు నేను లేవకముందే బస్సెక్కి, ఊరి బయట మగ్గాల ఫ్యాక్టరీలున్న సచిన్‌కు వెళ్తాడు, చీకటిపడ్డాక వస్తాడు. తన నీడ కూడా పడకుండా పక్కకు ఒదిగి, పట్టపగలు ఒక పురుగు విచ్చుకోవడం కోసం ఎదురుచూసిన ఆ మనిషి మాత్రం నాకు మళ్లీ కనబడలేదు.