మూడు పసుపులు

మా మేనత్తకు కోపం వస్తే తాండూరు స్టేషన్లో రైలు కూడా ఆమె ఎక్కేదాకా కదలదని మేం ఆటపట్టించేవాళ్లం. పందొమ్మిది వందల అరవైల్లో ఒకరోజు ఆ కోపంతోనే ఆమె వికారాబాదులో దిగి, నేను డిమాన్‌స్ట్రేటరుగా పనిచేసే కాలేజీ ప్రయోగశాలకు నేరుగా వచ్చింది. చేతిలో పప్పుమూట.

"నా తమ్మునికి నేనే విషం పెడ్తనా, బిడ్డా?" అంది, కూర్చోకముందే.

ఆమె తమ్ముడంటే మా నాయిన. ఊపిరితిత్తుల జబ్బుతో వికారాబాదులోనే ఆసుపత్రిలో ఉన్నాడు. అక్కడి వంటశాలకు కందిపప్పు అత్తే ఇంట్లో తిరగలి మీద విసిరి పంపేది. ఈసారి పప్పు మరీ పచ్చగా ఉందని వంటశాల మేనేజరుకు అనుమానమొచ్చి, కడిగిన నీళ్లలో గాఢమైన ఆమ్లం పోయించాడట. నీళ్లు ఎర్రబారాయి. బట్టల రంగు కలిపారని మూట తిప్పి పంపాడు.

సున్నంతోనే కాదు, గాఢమైన ఆమ్లంతోనూ పసుపు ఎర్రబారుతుంది. కలిపావా అని అడిగాను.

"పప్పుల పసుపెందుకు కలుపుత? నేనేం కలపలే."

అత్త అబద్ధమాడదు. అందుకే నాకు భయం వేసింది. పసుపు కాకపోతే మిగిలేది రంగే.

మా దగ్గరికి అప్పుడే ఒక కొత్త పద్ధతి వచ్చింది. గాజుపలక మీద తెల్లటి సిలికా ముద్దను దోసె కంటే పలచగా పరిచి ఆరబెట్టాలి. కింది అంచు దగ్గర చుక్కలు పెట్టి, అడుగున కాస్త ద్రావకం ఉన్న గాజుజాడీలో పలకను నిలబెట్టాలి. ద్రావకం పైకి పాకుతూ చుక్కలో కలిసి ఉన్నవాటిని విడదీసి, దేన్ని ఎంతదూరం మోయాలో అంతదూరం మోస్తుంది. పిల్లలకు పాఠంగా చెప్పడం వేరు, సొంత అత్త పక్కన కూర్చుని ఉండగా చేయడం వేరు.

మూడు చుక్కలు పెట్టాను. ఎడమన అత్త పప్పును కడిగిన స్పిరిట్, మధ్యన పసుపు, కుడిన బజారులో కొన్న బట్టల రంగు. మూడూ చూడ్డానికి ఒకే పచ్చన. ఎడమ చుక్కా, రంగుచుక్కా ఒకచోటే ఆగితే ఆ మాట నాయినకు నేనే చెప్పాలి.

తడి పైకెక్కింది. రంగుచుక్క ఉన్నచోటే బండలా కూర్చుంది. పసుపు కదిలింది, సాగింది, చూస్తుండగానే మూడుగా విడిపోయి ఒకదాని పైన ఒకటి నిలిచింది. పుట్టినప్పటి నుంచీ తింటున్న పసుపులో మూడు పసుపులున్నాయి! పుస్తకంలో చదివిన సంగతే అయినా ఒళ్లు జలదరించింది. ఎడమవైపు చూశాను. అక్కడా అవే మూడు, అవే ఎత్తుల్లో. అడుగున ఏమీ లేదు.

"పసుపే అత్తా! ఎక్కడిదీ పసుపు?"

ఆమె పలక మీది మూడు మచ్చలనూ వేలితో లెక్కపెట్టింది. "ఇసుర్రాయి అరిగిపోయిందని ఉలితోని కక్కు కొట్టిచ్చిన. కొత్తగైంది గద, కడిగి లోపటంత పసుపు రాసిన. పసుపు రాయకుంట రాయిని ఎట్ల తిప్పుత? గది కలుపుడైతదా?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రాయికి చేసిన మర్యాద పప్పుకు అంటుకుంటుందని ఆమె ఎందుకనుకుంటుంది?

పలక పట్టుకుని ఇద్దరం ఆసుపత్రికి పోయాం. మేనేజరు దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, నేను చెప్పిందంతా విని, "తప్పైందమ్మా" అని మూట తీసుకున్నాడు. అత్త అతని చేతిలోంచి పలక తీసుకుంది. నాయిన మంచం దగ్గరికి వెళ్లి పలక చూపించింది.

"రంగు గాదు తమ్మీ, పసుపు. పసుపుల మూడున్నయ్. నా కండ్లతోని చూసిన. ఎంత సిత్రం! జర చూడు."

నాయిన పలక వైపు చూడనేలేదు.

"రంగు కలిపినవా అని నేనడిగిన్నా అక్కా?" అన్నాడు.

పొద్దున్నుంచీ కోపంతో తిరిగిన అత్త అప్పుడు ఏడ్చింది.