వెనక సీటు

టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ వచ్చిందంటూ పేపర్లు ఊదరగొట్టిన బండి షోరూంలో ఎదురుగానే ఉంది. అదే గుండ్రటి లైటు, అదే ఉబ్బెత్తు ట్యాంకు, మరీ పెద్దదీ చిన్నదీ కాకుండా కొండలెక్కినా రొప్పని అదే ఇంజను. వెనక సీటు మాత్రం అరచేతి వెడల్పున, తోకలా పైకి లేచి ఉంది.

పాత బండి మీద ఆవిడ మొగుడు తిరగని రోడ్డు లేదు, వెనక ఆవిడ లేని ప్రయాణమూ లేదు. గాలి హోరులో మాట వినబడదు కాబట్టి కుడి భుజం తడితే కుడికి, ఎడమ భుజం తడితే ఎడమకి, రెండూ నొక్కితే ఆపాలి. తోలింది ఆయన, దారి చూసింది ఆవిడ.

"వెనక మనిషి ఎక్కడ కూర్చోవాలి బాబూ?" అని అడిగింది.

"ఇప్పుడు టూర్లకి అందరూ ఒంటరిగానే వెళ్తున్నారమ్మా," అన్నాడు సేల్స్‌మన్.

"ఇదిగో, మా ఆయన ఒంటరిగా వెళ్లి, దారి తప్పకుండా ఇల్లు చేరిన రోజు ఒక్కటి చెప్పమను. సగం బండిని పంపి, తిరిగొచ్చిందని చాటింపు ఒకటి."

ఆయనకి ఇదేమీ చెవికెక్కలేదు. కొత్త బండెక్కి, హ్యాండిల్ పట్టుకుని మురిసిపోతున్నాడు. ఆవిడ వెనక్కి వెళ్లి, ఆయన రెండు భుజాలూ నొక్కింది.

స్టాండు మీదున్న బండికి ఆయన ఠక్కున బ్రేకు వేసి, దిగిపోయాడు.