ఎత్తిన విస్తరి, వదిలిన విస్తరి

మొన్న మా అన్న మనవరాలి పెళ్లి భోజనాల్లో నా విస్తరి నేనే మడిచి చేత పట్టుకుని లేచాను. వడ్డించే మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి, "పెద్దాయనా, వదిలేయండి, మేము తీస్తాం కదా" అని దాన్ని లాక్కోబోయాడు. నేను ఇవ్వలేదు. అటు అతను, ఇటు నేను, మధ్యలో సాంబారు కారే అరిటాకు. బంతిలో ఉన్నవాళ్లు తినడం ఆపి చూశారు. మా అమ్మాయి దూరంనుంచే తలకాయ పట్టుకుంది. కారులో ఎక్కాక, "ఏ పెళ్లికి పోయినా ఇదే గోల నాన్నా నీతో" అంది. అలవాటు తల్లీ అన్నాను. ఈ వయసులో వివరంగా చెప్పడానికి ఓపిక కావాలి, వినడానికి ఇంకా ఎక్కువ ఓపిక కావాలి. ఆ రోజు ఇద్దరికీ లేదు. ఇవాళ మధ్యాహ్నం నిద్ర పట్టలేదు కాబట్టి కాగితం తీసుకున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో నేను కర్నూలు వచ్చాను. కచేరీలో నకళ్లు రాసే తాత్కాలిక ఉద్యోగం. మాది కోసిగి తట్టు. ఊరు కాదు, ఊరి బయటి పల్లె. మా తాత కాలంలో కరువొచ్చినప్పుడు దొరలు గంజి పోశారు. ఆ గంజితోపాటు వాళ్ల దేవుడు కూడా మా ఇంటికి వచ్చాడు. గంజి ఆరు నెలల్లో ఆగిపోయింది కానీ దేవుడు ఉండిపోయాడు. ఆయన పుణ్యాన నాకు బోర్డింగు బడిలో తొమ్మిదేళ్ల చదువు, గుండ్రటి దస్తూరీ, ఆ దస్తూరీ పుణ్యాన ఈ ఉద్యోగం వచ్చాయి. పాతబస్తీలో ఒక దర్జీ సాయిబు తన ఇంటి ముందు గది ఇచ్చాడు. ఆదివారం ఊరి చివర పాస్టరుగారింట్లో భోజనం పెట్టేవాళ్లు. తక్కిన ఆరు రోజులకు ఎవరిని నమ్ముకోవాలో బైబిల్లో రాసి లేదు.

కర్నూలు ఎండ ఇల్లరికపు అల్లుడిలాంటిది, పొమ్మన్నా పోదు. ఆ ఎండలో మధ్యాహ్నం పూట ఆకలితో వీధులు తిరిగి ఆ ఊరిని నేర్చుకున్నాను. తుంగభద్రకు పోయే దారిలో ఒక కాఫీ క్లబ్బు ఉండేది. లోపల తెర, తెర వెనక బల్లలు. బయట గోడకు మేకు, మేకుకు ఒక గ్లాసు. నాబోటివాడు ఆ గ్లాసు దించుకుని పట్టుకుంటే పైనుంచి కాఫీ పోస్తారు. తాగి, కడిగి, మళ్లీ మేకుకు తగిలించి పోవాలి. కాఫీ మాత్రం బాగుండేది, ఆ మాట దాచను. పాత కోట బురుజు వెనక ఇంకో చోట చిత్రాన్నం అమ్మేవాళ్లు. ఆ మనిషి నా చొక్కా చూసి లోపలికి రమ్మన్నాడు, ఊరు పేరు విని ఆగాడు, తండ్రి పేరు అడిగి వాకిట్లో కూర్చోమన్నాడు. ఎక్కడికి పోయినా ముందు ప్రశ్న, తరువాతే అన్నం. ప్రశ్నకు జవాబు చెప్పేసరికి సగం ఆకలి చచ్చిపోయేది. ఒకవిధంగా పొదుపే.

నన్ను మొట్టమొదట "ఏం కావాల?" అని అడిగినవాడు బజారు మలుపులో రొట్టెల దుకాణం భాయి. ఎవరు, ఎక్కడ అని అడగలేదు. నల్లటి చాయి, తందూరులోంచి తీసిన రొట్టె, ఖైమా. పొగకు మసిబారిన గోడ, ఈగలు, ఒక కాలు కుంటి బల్ల. నాకది రాజాస్థానం. కానీ మనిషికి ఒకచోట మర్యాద దొరికితే ఇంకోచోట రుచి కావాలనిపిస్తుంది. నాలుగు నెలలు తిరిగేసరికి నాకు జొన్నరొట్టె మీద బెంగ పట్టుకుంది. మా అమ్మ రొట్టె తట్టే చప్పుడు పొద్దున మెలకువ రాకముందే చెవిలో పడేది. ఆ చప్పుడు లేని ఊళ్లో ఎంత తిన్నా తిన్నట్టు లేదు.

ఆ చప్పుడు కచేరీ వెనక సందులోనే ఉందని నాకు చూపించినవాడు నా పక్క బల్ల గుమాస్తా. ఆదోని తట్టు రైతు బిడ్డ. సర్కారు ఉద్యోగం కాబట్టి పైన మామూలు చొక్కా, లోపల మాత్రం ఖద్దరు బనీను వేసుకునేవాడు. కులం లేదు గిలం లేదు అని చెవిలో చెప్పేవాడు, ఎందుకంటే గట్టిగా చెబితే ఉద్యోగం పోతుంది. ఒకరోజు నన్ను రెక్క పట్టుకుని ఆ సందులోకి తీసుకుపోయాడు. ఎత్తైన అరుగు ఉన్న పాత మిద్దె. అరుగు చివర పొయ్యి, పొయ్యి ముందు తెల్లబట్ట కట్టుకున్న ముసలమ్మ, ఆమె రెండు చేతుల మధ్య చందమామంత రొట్టె. మొగుడు పోయాడు, కొడుకూ కోడలూ ఒకే ఏడు కలరాకు పోయారు, ఇద్దరు మనవరాళ్లను ఈ పొయ్యి మీదే సాకుతోంది. అందరూ అవ్వా అనేవాళ్లు. జొన్నరొట్టె, పుల్లగూర, వేయించిన వేరుశనగలతో దంచిన బుడ్డల పొడి, మజ్జిగ. అంతే ఆమె వంట. మాంసం గడప తొక్కని ఇల్లు.

ఆమె నన్ను చూసి, "ఎవురప్పా ఈ పిల్లోడు? యాడోళ్లు?" అంది.

"మావాడేలే అవ్వా" అన్నాడు మా గుమాస్తా. చెవిలో లేదన్న కులాన్ని అవ్వ ముందు ఉందని ఒప్పుకున్నాడు. కడుపులో ఆకలి, ముక్కుకు రొట్టె వాసన. అరుగెక్కి కూర్చున్నాను.

ఆ ఇంటి పద్ధతి చెప్పాలి. అరుగు మీద వకీళ్ల గుమాస్తాలు, పంతుళ్లు, మాబోటి కచేరీవాళ్లు. వాళ్లు మోదుగాకు విస్తళ్లలో తిని చేయి కడుక్కుని పోతారు. విస్తళ్లు అవ్వే ఎత్తుతుంది. అరుగు కింద, వీధి వైపు, ఒక రెల్లు పంచ. దాని కింద బండివాళ్లు, మూటలవాళ్లు, గోడవార మా పల్లెలాంటి పల్లెలవాళ్లు. వాళ్లకు రొట్టె చేతికివ్వదు, పైనుంచి విస్తట్లో వదులుతుంది. తిన్నాక ఎవరి విస్తరి వాళ్లే ఎత్తి దొడ్డిగోడ అవతల వేసి, కూర్చున్న చోట నీళ్లు చల్లి తుడిచి పోవాలి. రొట్టె ఒకటే, పొడి ఒకటే. అసలు తేడా తిన్న తరువాతే.

ఎనిమిది నెలలు నేను అరుగు మీద తిన్నాను. ప్రార్థన చేయకుండా ముద్ద నోట్లో పెట్టడం నా చేతకాదు, కళ్లు మూస్తే దొరికిపోతాను. అందుకని సందు మలుపులోనే ఒక కాలు గోడకు ఆనించి చెప్పులో రాయి తీసుకుంటున్నట్టు నటించి ప్రార్థన ముగించేవాణ్ణి. ఆ ఎనిమిది నెలల్లో నా చెప్పులో పడిన రాళ్లతో ఇంకో బురుజు కట్టొచ్చు. అంతకంటే కష్టం విస్తరి వదిలి లేవడం. బోర్డింగులో తొమ్మిదేళ్లు రోజుకు మూడుసార్లు నా విస్తరి నేను ఎత్తి, నా చోటు నేను తుడిచినవాణ్ణి. మొదటి రోజు ఆ ముసలమ్మ వంగి నా ఎంగిలి విస్తరి తీస్తుంటే చూడలేక వీధి వైపు తిరిగి నిలబడ్డాను. పదో రోజుకు అలవాటైపోయింది. అబద్ధం ఆడినందుకు నాకు పెద్ద సిగ్గు లేదు. ఆ పదో రోజుకే మాత్రం ఇప్పటికీ సిగ్గుపడతాను.

అవ్వకు నేనంటే ఇష్టం ఏర్పడింది. ఎందుకో తెలియదు, తక్కువ మాట్లాడేవాణ్ణి కాబట్టి కావచ్చు. "ఏందప్పా, ఎండుకోని కట్టె మాదిరి అయితాండావు, ఇంగొకటి తిను" అని అడక్కుండానే రొట్టె వేసేది. కాలువ దోమల ఊరు కదా, వానలు వెనకబట్టాక నాకు చలిజ్వరం పట్టుకుంది. మూడు వారాలు దర్జీ సాయిబు గదిలో కప్పిన దుప్పట్లన్నీ వణికేట్టు వణికాను. మా గుమాస్తా చేత రోజూ సత్తు గిన్నెలో జొన్న అంబలి పంపింది అవ్వ. నూనె వాసన తగిలితే వాంతయ్యే ఆ రోజుల్లో నన్ను బతికించింది ఆ గిన్నే.

లేచి తిరగగలిగిన మొదటి రోజు మధ్యాహ్నమే అవ్వ దగ్గరకు పోయాను. అరుగు మీద మా గుమాస్తా, ఇద్దరు వకీలు గుమాస్తాలు, పింఛను పుచ్చుకున్న ఒక బడిపంతులు. నాకు కళ్లు మసకలు, కాళ్లలో సత్తువ లేదు. సగం రొట్టె తిన్నాను. మనిషి అలసిపోతే అబద్ధాన్ని మోయలేడు, దాన్ని ముందు దించేస్తాడు. నాకు తెలియకుండానే నా చేతులు విస్తరి మడిచాయి. మెట్లు దిగాను, దొడ్డిగోడ అవతల వేశాను, చెంబు తెచ్చి నా చోట నీళ్లు చల్లి అరచేత్తో తుడిచాను. తల ఎత్తితే అందరి చేతులూ ఆగి ఉన్నాయి.

"ఏమప్పా, ఇంతకూ ఎవురు నువ్వు?" అన్నాడు పంతులు.

మా గుమాస్తా తన విస్తట్లోకి చూస్తున్నాడు, అందులో ఏదో రాసి ఉన్నట్టు. నేను నోరు తెరిచేలోగా అవ్వ పొయ్యి దగ్గరనుంచే గట్టిగా అంది: "మూడు వారాలు జరంలో పడి లేసినోడు, మతి యాడుంటాది సామీ? మీరు తినండి, రొట్టె సల్లారిపోతాది." ఉబ్బిన వేడి రొట్టె ఒకటి పంతులు విస్తట్లో వేసింది. వేడి రొట్టె ముందు ఆయన ఆచారం కాసేపు ఆగింది.

అందరూ పోయాక నన్ను పక్క వాకిలి దగ్గరకు పిలిచింది. "నిజం సెప్పు నాయినా. మీది ఊరా, పల్లెనా?"

"పల్లె, అవ్వా. కిరస్తానీలం."

గడప మీద కూలబడింది. చేతుల పిండి కూడా కడుక్కోలేదు. "ఎనిమిది నెల్లు" అంది. "ఎనిమిది నెల్లు నీ ఇస్తరి నేను ఎత్తినా." తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "ఆ పంతులు ఊరుకోడు, నాల్గిండ్లు తిరిగి సెప్తాడు. ఈ అరుగు మీదికి ఎవురూ రాకుంటే నా మనవరాండ్లకు నేనేం పెట్టేది? ఇంగ రాకప్పా." నేను తలూపాను. నాలుగు అడుగులు వేశాక వెనకనుంచి మళ్లీ ఆమె గొంతు: "నెల దాకా నూనె తినాకు."

మరుసటి రోజు పొద్దున కచేరీకి పోతూ చూశాను. అరుగు మొత్తం పేడతో అలికి ఉంది, ఇంకా తడి ఆరలేదు. నేను కూర్చున్న చోటు ఒక్కటే కాదు, మొత్తం అరుగు. దానికి కోపం రావాల్సింది. ఆ రోజు రాలేదు, ఒంట్లో అంత ఓపిక లేదు. ఖైమా అరిగేంతవరకు భాయి దగ్గర వట్టి చాయిలో రొట్టె ముంచుకుని తిన్నాను. కోపం మెల్లగా, అప్పుడు జ్వరం వచ్చినట్టే, రోజు విడిచి రోజు రావడం మొదలుపెట్టింది. మా గుమాస్తా క్షమించమని అడిగాడు. వాడి ఖద్దరు బనీను ఉతికించుకోమన్నాను. తరువాత ఇద్దరం భాయి దగ్గరే తినేవాళ్లం.

ఆ తరువాత ఏడాదికి ఉద్యోగం ఖాయమై కడప బదిలీ అయింది. బస్సు ఎక్కే రోజు మధ్యాహ్నం ఆ సందులోకి పోయాను. అరుగు మీద జనం బాగానే ఉన్నారు, పంతులు కూడా. అంటే ఆమె నోరు నన్నే కాదు, తన పొయ్యినీ కాపాడింది. నేను అరుగెక్కలేదు. రెల్లు పంచ కింద, గోడవార కూర్చున్నాను. అవ్వ చూసింది. చూడనట్టు రొట్టె తెచ్చి, పద్ధతి ప్రకారం పైనుంచి వదిలింది. కానీ బుడ్డల పొడి రెండు పిడికిళ్లంత వేసింది. "జరం మళ్లా వచ్చినాదా?" అని చిన్నగా అడిగింది. లేదన్నాను. మొత్తం తిన్నాను. అప్పుడు, ఏడాదిగా మనసులో అనుకుని పెట్టుకున్న పని చేశాను. విస్తరి ఎత్తకుండా, చోటు తుడవకుండా లేచి నడిచాను. పంచ కింద అలా ఎవరూ చేయరు. చేస్తే ఏమవుతుందో చూడాలనుకున్నాను.

మలుపు దగ్గర ఆగి, చెప్పులో రాయి తీసుకుంటున్నట్టు వంగి వెనక్కి చూశాను. అవ్వ నా విస్తరి ముందు నిలబడి ఉంది. పల్లెవాళ్లను ఎవరినైనా కేకేసి తీయించొచ్చు. గోడవారే ఇద్దరు కూర్చుని ఉన్నారు. కేకేయలేదు. అరుగు వైపు ఒకసారి చూసింది. తరువాత మోకాలి మీద ఒక చేయి వేసుకుని, నొప్పితో మెల్లగా వంగి, నా విస్తరి ఎత్తింది. అరుగు మీద పంతులు ఆ చేతులనే చూస్తున్నాడు.

గెలిచినట్టు ఉంటుందనుకున్నాను. వెనక్కి పోయి ఆమె చేతిలోంచి దాన్ని తీసుకోవాలనిపించింది. పోలేదు. బస్సు టైమైందని నాకు నేను చెప్పుకున్నాను. బస్సు గంటన్నర ఆలస్యంగా కదిలింది. ఆ గంటన్నరా ఒక రాతి మీద కూర్చుని ఉన్నాను, అయినా పోలేదు.

ఆమె ఎందుకు ఎత్తిందో నాకు తెలియదు. ఎనిమిది నెలల అలవాటు కావచ్చు, తరువాతి మనిషికి చోటు కావాలని కావచ్చు, నా మీద ప్రేమ కావచ్చు. దాని వల్ల అరుగు ఖాళీ అయిందో, లేదో, మనవరాళ్లు ఏం తిన్నారో అదీ తెలియదు. కడపలో పెళ్లి, పిల్లలు, చాకిరీ. పదేళ్ల తరువాత పని మీద కర్నూలు పోతే ఆ మిద్దె ఉన్నచోట బట్టల కొట్టు ఉంది. అడిగితే ఎవరికీ రొట్టెల అవ్వ గుర్తు లేదు, లేదా నేను గట్టిగా అడగలేదు. ఆ బస్సు ఎక్కిన రోజునుంచి ఎవరింట్లో తిన్నా నా విస్తరి ఇంకొకరి చేతికి ఇవ్వలేదు, మొన్నటి పెళ్లితో సహా. ఇప్పుడెవరు అడుగుతారు నాన్నా కులమూ అవీ అంటుంది మా అమ్మాయి. అడగకపోవచ్చు. ఆ మలుపునుంచి రెల్లు పంచ దాకా ఇరవై అడుగులు కూడా ఉండవు, యాభై ఏళ్లుగా నడుస్తున్నా నేనింకా అక్కడికి చేరలేదు.