వినని మాటకు నక్షత్రం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ చెవులతో వినని మాటలు ఉండేవి. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఢిల్లీ ఆర్.కె. పురంలో మాది ప్రభుత్వ క్వార్టరు. అమ్మ తమ్ముడు, మా మామయ్య, భాషాశాస్త్రంలో పరిశోధన చేస్తూ మాతోనే ఉండేవాడు. సంస్కృతం, ఇంగ్లీషు, రష్యన్ వంటివన్నీ వేల ఏళ్ళ కిందట ఒకే భాషట. రాత లేని ఆ భాషలో తండ్రిని, కోడలిని ఏమనేవారో ఇప్పటి మాటలను పక్కపక్కన పెట్టి రాబట్టడం ఆయన పని. రాబట్టిన ప్రతి మాట ముందూ చిన్న నక్షత్రం గుర్తు వేసేవాడు. ఎందుకని అడిగాను.

"ఇది ఎవరూ విన్నది కాదురా భాన్జే," అన్నాడు. మేనల్లుణ్ణని నన్ను హిందీలో అలా పిలవడం ఆయనకు సరదా. "మేం ఊహించింది. ఆ సంగతి దాచామంటే మోసమే."

అమ్మ చెల్లెలు, మా పిన్ని కూడా మాతోనే ఉండేది. స్కూటరు ప్రమాదంలో బాబాయి పోయాక, నోయిడాలో ఉద్యోగం వెతుక్కుని వచ్చింది. ఒకరోజు మామయ్యకు టీ తెచ్చి, "ఇవాళ ఎవరు దొరికారన్నయ్యా, అత్తగారా ఆడపడుచా?" అని వేళాకోళమాడింది. ఆయన కాగితం మీద అరచెయ్యి పెట్టేసి, "కోడలు" అన్నాడు. ఆమె వెళ్ళాక చెయ్యి తీస్తే కింద ఉన్నది విధవ అన్న మాట. దానికి ఇంగ్లీషులో విడో, రష్యన్‌లో వ్దొవా అని చుట్టాలున్నారని, భార్య పోయిన మగవాడికి మాత్రం ఆ పాత భాషలో మాటే దొరకలేదని చెప్పాడు.

ఆ చలికాలం ఒక సాయంత్రం పిన్ని ఆఫీసు క్యాబ్ దిగడం చూశాను. ఆమెతో పాటు ఒక అంకుల్ దిగాడు. ఆయన ఏదో అన్నాడు. పిన్ని తల వెనక్కి వాల్చి పకపకా నవ్వింది. మా ఇంట్లో ఆమె అలా నవ్వగా నేను వినలేదు. ఆ వారమే ఫోనులో ఎవరితోనో, "ఠీక్ హై, నాన్నగారు వచ్చి వెళ్ళాక చెప్తాను" అంది. మామయ్యలాగే నేనూ ఈ రెండూ పక్కపక్కన పెట్టుకున్నాను.

కాకినాడ నుంచి అమ్మ వాళ్ళ నాన్న, మా తాతయ్య వచ్చి, "మీ పిన్ని ఎలా ఉంటోందిరా?" అని అడిగాడు. పెద్దవాణ్ణనిపించుకోవాలని, "పిన్ని ఆఫీసు అంకుల్‌ని పెళ్ళి చేసుకుంటుందట. నేను విన్నాను," అన్నాను.

పిన్ని ఏదో చెప్పబోతే తాతయ్య వినలేదు. ఉద్యోగం మాన్పించి తనతో కాకినాడ తీసుకుపోయాడు.

వాళ్ళ రైలు వెళ్ళాక మామయ్య నన్ను మెట్ల మీద కూర్చోబెట్టుకున్నాడు. "నిజంగా విన్నావా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. ఆయన తిట్టలేదు. నా చెయ్యి తీసుకుని అరచేతిలో పెన్నుతో నక్షత్రం వేశాడు. "మేం ఈ గుర్తు మర్చిపోతే తోటివాళ్ళు నవ్వుతారు, అంతే. ఇది మనిషి సంగతిరా," అన్నాడు. వాళ్ళు ఇల్లు చేరాక, అది పిల్లాడి ఊహ అని తాతయ్యకు ఫోను చేసి చెప్పాడు. "ఏమీ లేకుండా పిల్లాడు ఎందుకంటాడు?" అని ఆయన పెట్టేశాడు.

పిన్ని మళ్ళీ ఢిల్లీ రాలేదు. సెలవుల్లో వెళితే నా కంచంలో అన్నం వడ్డించేది, ఆ మాట ఎందుకన్నావని ఎన్నడూ అడగలేదు. అది నా ఊహేనని నేనూ చెప్పలేదు. పిన్ని కిందటేడు పోయింది. పదోరోజున కూడా చుట్టాలు, "ఢిల్లీలో ఎవరితోనో వెళ్ళిపోబోయింది కదా," అనుకుంటుంటే విన్నాను. ఆ మాటకు మూలం నా నోరొక్కటే. ఆమె ఏమి అనుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకవేళ పెళ్ళే అనుకున్నా అందులో తప్పేముంది?

ఇప్పుడు ఎవరి గురించైనా నోరు తెరవబోతే ముందు అరచెయ్యి గుర్తొస్తుంది. పిన్ని గురించి మా వాళ్ళందరూ చెప్పుకున్నదాని ముందు నక్షత్రం వేయాలి. ఆ సాయంత్రం నేను నిజంగా విన్నది ఆమె నవ్వొక్కటే. దాని ముందు ఏ గుర్తూ అక్కర్లేదు.