తుపాకీకి పెట్టిన బొట్టు

మా మావకి భక్తి ఎక్కువ, బుర్ర తక్కువ. ఇన్నేళ్లకి ఈ మాట కాగితం మీద పెడుతున్నాను. ఎవరేమనుకున్నా నాకు లెక్కలేదు.

అరసవల్లి రోడ్డులో ఆయనకి గేమ్ పార్లర్ ఉండేది. అమ్మకి సొంత తమ్ముడు కనక నన్ను మెకానిక్‌గా పెట్టుకున్నాడు. జనం ఎగబడే మెషీన్ అక్కడ ఒకటే. శవాలు లేచి మీదికొస్తుంటే ప్లాస్టిక్ తుపాకీతో కాల్చే జాంబీల ఆట అది. అందరూ పీనుగుల గేమ్ అనేవారు. తుపాకీ గొట్టంలో చిన్న అద్దం ఉంటుంది. తెర మీది వెలుగు అందులోంచి లోపలికి వెళితేనే గురి తగిలినట్టు మెషీన్‌కి తెలుస్తుంది.

ఆయుధపూజ నాడు నేను ఇంటికెళ్లి భోంచేసి వచ్చేసరికి రెండు తుపాకులూ పనిచేయడం లేదు. పండగ రద్దీ. శవాలు వచ్చి కొరికేస్తున్నాయి, ఒక్క దెబ్బా తగలడం లేదు. మావ అందరి ముందూ నన్ను దులిపేశాడు.

"తిండికి తప్ప దేనికీ పనికిరావేటిరా? సాయంత్రానికి ఇది నడవకపోతే రేపట్నించి రాకు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఉద్యోగం చూసే నాకు పెళ్లి సంబంధం కుదిరింది. అది పోతే పిల్ల తరఫువాళ్లకి ఏం చెప్పను? వైర్లు విప్పాను, బోర్డు చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి గొట్టంలోకి టార్చి కొట్టి చూస్తే అద్దం నిండా గంధం, నడిమధ్యన కుంకుమ. వేలు దూర్చి మరీ పెట్టాడు మహానుభావుడు.

"మావా, ఇందులో బొట్టు నువ్వేనా ఎట్టినావు?"

"నేనే ఎట్టినాను. ఆయుధానికి ఎట్టకపోతే మరి దేనికెడతారు?"

చొక్కా అంచుతో రెండు అద్దాలూ శుభ్రంగా తుడిచాను. కాల్చి చూస్తే శవం తల ఎగిరిపోయింది. వెనక నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు. ఉద్యోగం నిలబడిందనుకున్నాను, తెలివితక్కువ వెధవని.

మావ ముఖం మాడిపోయింది. తప్పెవరిదో అంతమందికీ తెలిసిపోయింది మరి.

"పూజ సేసిన బొట్టు తుడిసేస్తావా? పండగ పూట నా లక్ష్మిని తుడిసేసినావు. ఇంక నీ మొకం నాకు సూపించకు."

"మెషీన్ నడుస్తన్నాది కదా మావా."

వినలేదు. పూజ పళ్లెం తెచ్చుకుని, నేను చూస్తుండగానే రెండు అద్దాలకీ మళ్లీ గంధం పూసి కుంకుమ అద్దాడు. నన్ను చూపించి, మా మేనల్లుడు మెషీన్ పాడుచేసేశాడని చెప్పి జనాన్ని పంపేశాడు.

మూడో రోజున పిల్ల తరఫువాళ్ల ఇంటికి వెళ్లి అదే మాట వాళ్లకీ చెప్పి వచ్చాడు.