సలీంకు పోసిన మొదటి టీ

ఎండాకాలంలో కర్నూలు విమానాశ్రయంలో గాలి లేచిందంటే, విమాన ఇంధనం వాసనా, కాగిన సిమెంటు వేడీ కలిసి గొంతులోకి దిగుతాయి. నిన్న మధ్యాహ్నం ఆ వాసన తగలగానే శాంతక్క గుర్తొచ్చింది. ఆమె వెనకే సలీం కూడా గుర్తొచ్చాడు. ఆమెను ఒక్కదాన్నే గుర్తు చేసుకునే భాగ్యం నాకు లేదు.

శాంతక్కది ఆదోని పక్క పల్లె. చర్చిలో పాటలు పాడే ఆ గొంతు ఇంజన్ల హోరులో కూడా వినపడేది. విమానం దిగింది మొదలు తిరిగి ఎగిరేదాకా నేల మీద జరిగే పనంతా, సామాను దించడం, నిచ్చెన చేర్చడం, చక్రాలకు అడ్డం పెట్టడం, ఆమె చేతి కిందే నడిచేది. సలీమూ నేనూ ఒకే రోజు ఆమె దగ్గర పనిలో చేరాం. ఆమె మాకొక అలవాటు పెట్టింది. విమానం వెళ్లిపోయాక అందరం షెడ్డులో కూర్చుంటే, ఆ పూట తమ వల్ల జరిగిన పొరపాటును ఎవరు ముందుగా చెప్తే వాళ్లకు తన ఫ్లాస్కులోంచి మొదటి టీ పోసేది. తిట్టేది కాదు. ఆ పొరపాట్లను పేర్లు తీసేసి, మిగతా విమానాశ్రయాల్లో ఉన్న మా కంపెనీ స్టేషన్లన్నిటికీ రాసి పంపేది. వాళ్లవి మాకు వచ్చేవి.

మొదటి టీ ఎప్పుడూ సలీందే. రాయచోటివాడు, కడుపులో మాట దాగదు. సామాను బండికి బ్రేకు వేయడం మరిచానంటాడు, గాలికి అది రెక్క వైపు కదిలిందంటాడు, నవ్వుతూ గ్లాసు చాపుతాడు. నేనేమో ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసేవాణ్ని. చెప్పుకుందామంటే నా దగ్గర తప్పే ఉండేది కాదు. తప్పు చేసినవాడికి వేడి టీ, చేయనివాడికి ఫ్లాస్కు అడుగున మిగిలిన చల్లటిది. ఇదెక్కడి న్యాయమని కడుపు రగిలిపోయేది. వాడి బ్రేకు సంగతి చదివి మిగతా స్టేషన్లవాళ్లు బండ్లను గొలుసులతో కట్టేయడం మొదలుపెట్టారని తెలిసిన రోజు, ఆ మరుపు నాదెందుకు కాలేదని నిజంగానే ఏడుపొచ్చింది. మరుపుకు కూడా రాసిపెట్టి ఉండాలి కాబోలు.

కడప స్టేషన్ బాధ్యత సలీంకు ఇచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగేశాను, నాలో లోపమేముందని. శాంతక్క చేతి తొడుగులు విప్పుతూ నన్ను ఎగాదిగా చూసింది.

"నీలో లోపం లేదని నువ్వే అంటాండావు కదప్పా ఆంజనేయులూ. వాడు యాడ జారుతాడో నాకు తెలుసు. నువ్వు యాడ జారుతావో ఇంకా తెలీదు."

ఆ మాట నన్ను చాలాకాలం పొడిచింది. అది చాలదన్నట్టు, కొన్నాళ్లకు కడప స్టేషన్‌ను ఆడిట్ చేసి రమ్మని నన్నే పురమాయించింది. ఇంతమంది ఉండగా నేనే ఎందుకని అడిగితే దాపరికం లేకుండా చెప్పింది.

"వాని మీద నీకు కుళ్లు శానా ఉండాది. వాని తప్పులు నీ మాదిరి ఎతికేవాడు నాకు యాడ దొరుకుతాడు? పోయి రా."

పెళ్లికి పోతున్నంత హుషారుగా బస్సెక్కాను. మైదుకూరు వచ్చేసరికి ఏమేం పట్టుకోవాలో మనసులో వరస కట్టేశాను. సలీం ఎదురొచ్చి, అన్నా అంటూ చేయి పట్టుకుని అన్నీ తానే చూపించబోయాడు. వద్దని నేనే వంగి వంగి వెతికాను. దొరికింది. చక్రాల ముందూ వెనకా పెట్టే రబ్బరు దిమ్మెలు ఎండకు బిరుసెక్కి, అడుగున పట్టు కోసం ఉండే గాట్లు అరిగి నున్నగా ఉన్నాయి. గాలి జోరుగా కొడితే విమానం వాటిని తోసుకుంటూ కదలొచ్చు. సలీం ముఖం వాడిపోయింది. నాకు లోపల పండగ. వెంటనే శాంతక్కకు ఫోన్ చేసి చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"మన దిమ్మెలు తిప్పి చూసినావా?" అంది.

చూడలేదు. రోజూ నా చేత్తో పెట్టేవే. మర్నాడు కర్నూల్లో వాటిని తిప్పి చూస్తే కడపవాటికన్నా నున్నగా ఉన్నాయి. విమానం వచ్చే వేళయింది, గాలి దుమ్ము లేపుతోంది. పిల్లాజెల్లా నిచ్చెన దిగుతుండగా విమానం కదిలితే ఏమవుతుందోనని స్టోరులో మూలపడ్డ కొత్తవి పరుగున తెచ్చి వేశాను. ఆ పూట షెడ్డులో ముందు నోరు విప్పింది నేనే. మొదటి టీ నాకే వచ్చింది. అది తాగుతూ కూడా, ఇదంతా సలీం దిమ్మెల పుణ్యమే కదా అని కుళ్లుకున్నాను. ఇప్పుడు ఏ స్టేషన్ ఆడిట్‌కు వెళ్లినా, అక్కడ కనిపించిన తప్పు మా దగ్గర ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే కాగితం మీద పెడతాను.

శాంతక్క పోయి ఏడాది దాటింది. ఆమెను సమాధి చేసిన రోజు పాటలు అయిపోయాక సలీం వచ్చి నా పక్కన నిలబడ్డాడు. 

"నీ మీద నాకు శానా కుళ్లుగా ఉండేదన్నా," అన్నాడు. "అక్క ఎప్పుడు ఫోన్ చేసినా నీ కథే. ఆంజనేయుని కంట్లో పడకుండా ఏదీ పోదురా, వాని మాదిరి చూడటం నేర్చుకో అంటాండె."

ఇన్నేళ్లూ నేను వినాలని కాచుకుని కూర్చున్న మాట అది. వాడి భుజం పట్టుకుని ఏడ్చేశాను. ఏడుస్తూ ఉండగానే లోపల మంట రాజుకుంది. నా గురించి శాంతక్క అన్న ఆ మాటను ఆమె గొంతులో విన్నవాడు కూడా సలీమే.