గ్లెనిస్ బస్సు నడపనన్న ఉదయం

గ్లెనిస్ మెకాలీ టె అనౌ ఊరి నుంచి మిల్‌ఫర్డ్ రేవుకు ఇరవై ఆరేళ్లు టూరిస్టు బస్సు నడిపింది. అంతకుముందు నడిపింది స్కూలు బస్సు. భర్త ముర్రే ఆమెను వదిలేసి ఆస్ట్రేలియా వెళ్లిపోయిన ఏడాది పెద్ద బస్సుల లైసెన్సు తీసుకుంది. అరవై మూడేళ్ల వయసులోనూ మంచు పడితే చక్రాలకు గొలుసులు తనే వేసుకునేది. ఎవరైనా చెయ్యేయబోతే విసుక్కునేది. మంచు బాగా కురిసిన రోజుల్లో మిగతా డ్రైవర్లు ఆమె బస్సు బయల్దేరాకే తమవి కదిలించేవాళ్లు.

నేను ఆ రేవులో పడవ మీద వంటవాణ్ణి. రెండు వైపులా నిట్టనిలువు కొండలు, మధ్యలో లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రం. టూరిస్టులను అందులోకి తీసుకెళ్లి, ఒక రాత్రి ఉంచి, పొద్దున్నే రేవుకు చేరుస్తాం. గ్లెనిస్ వాళ్లను దించి, నాతో నాలుగు మాటలాడి వెనక్కి వెళ్లిపోయేది. ఇన్నేళ్లలో ఒక్క రాత్రి కూడా పడవలో ఉండలేదు. ఎప్పుడు పిలిచినా, "నీళ్ల మీద నాకేం పని తైమోనా, నా బతుకంతా తారు మీదే" అనేది.

మొన్నటి అక్టోబరులో ఒకరోజు ముప్ఫై ఎనిమిది మందిని తీసుకొచ్చింది. అందరూ దిగిపోయినా సీట్లోంచి లేవలేదు. ఏమైందని అడిగితే చలి అంది. ఇంతలో ఆమె వచ్చిన దారిలోని సొరంగం అవతల కొండ మీది మంచు జారి పడిందని, తెల్లవారేదాకా దారి మూసేశారని కబురొచ్చింది. పడవ కెప్టెన్ యూవన్, ఒక గది ఖాళీగా ఉంది రమ్మన్నాడు. ఆమెకు రాక తప్పలేదు.

వాన పడుతోంది. వాన పడితేనే ఆ కొండలకు అందం. ఎటు చూసినా జలపాతాలు. టూరిస్టులంతా తడుస్తూ పైనే నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. గ్లెనిస్ మాత్రం భోజనాల గదిలో కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. నేను బల్లల మీద పళ్లేలు సర్దుతుంటే ఐలా బ్రెమ్నర్ అనే ఆవిడ వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది. గోర్ అనే ఊరి దగ్గర గొర్రెల ఫారం ఆవిడది. బస్సులో ముందు సీట్లో కూర్చుని వచ్చింది.

"సొరంగంలో మిమ్మల్ని మూడుసార్లు పిలిచాను," అంది ఐలా.

"ఆ మోతలో వినపడి ఉండదు."

"వినపడకపోవడం కాదమ్మా. కళ్లు తెరిచే ఉన్నారు. పెదాలు మాత్రం ఏదో నములుతున్నట్టు కదిలాయి. మా అమ్మాయికీ ఇలాగే వచ్చేది. మూర్ఛంటే కిందపడి కొట్టుకోవడమే అనుకునేవాళ్లం మేమూ."

గ్లెనిస్ ముఖం పాలిపోయింది. "నా ఉద్యోగం తీయించడానికొచ్చారా?"

"రేపు నేను మళ్లీ ఆ బస్సే ఎక్కాలి. మా చెల్లెలూ ఎక్కాలి. అందుకని వచ్చాను."

ఆవిడ లేచి వెళ్లిపోయింది.

భోజనాలయ్యాక నేను గిన్నెలు తోముకుంటుంటే గ్లెనిస్ వంటగదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. సొరంగంలోకి దిగడం గుర్తుందట. ఆ తర్వాత గుర్తున్నది అవతలి వైపు వెలుతురే. సొరంగం పొడవు కిలోమీటరు పైనే, పైగా ఏటవాలు. ఇద్దరు డ్రైవర్లు ఎదురుపడితే అద్దాలు ముడుచుకుని తప్పుకోవాల్సినంత ఇరుకు.

"ఆ కిలోమీటరు ఎవరు నడిపారు తైమోనా? నేనైతే కాదు."

ఇది మొదటిసారి కాదని కూడా చెప్పింది. మాకు చలికాలమైన జూన్, జూలైల్లో ఇంట్లో రెండుసార్లు పొయ్యి మీద పాలు మాడిపోయాయి. ఆమె పొయ్యి ముందే నిలబడి ఉంది. ఆగస్టులో లైసెన్సు కోసం పరీక్షించిన డాక్టరు ఎప్పుడైనా తెలివి తప్పిందా అని సూటిగానే అడిగాడు. లేదని చెప్పి సంతకం పెట్టింది.

నేనప్పుడు అనకూడని మాట అన్నాను. ఓదార్పు అనుకునే అన్నాను. "రేపొక్కరోజు నెమ్మదిగా నడిపెయ్. ఊరు చేరాక డాక్టరుకు చూపించుకుందువుగాని."

ఆమె నన్ను తేరిపార చూసింది. "మీ అమ్మాయిని ఆ బస్సు ఎక్కిస్తావా?"

నేను తోమిన గిన్నెనే మళ్లీ తోమాను. ఆమె వెళ్లిపోయింది.

మర్నాడు పడవ రేవుకు తిరిగొచ్చేసరికి వాన వెలిసింది. టూరిస్టులు టిఫిన్లు చేస్తున్నారు. గ్లెనిస్ పొద్దున్నే యూవన్‌కు సంగతంతా చెప్పేసింది. వాళ్లకు తాను చెబుతానని అతనన్నా ఒప్పుకోలేదు. కోటు గుండీలన్నీ పెట్టుకుని గది మధ్యలో నిలబడింది.

"నిన్న సొరంగంలో నాకు స్పృహ లేదు. మీరు క్షేమంగా ఉన్నారంటే అందులో నా గొప్పేమీ లేదు. ఇవాళ నేను నడపను. ఇంకో డ్రైవరు రావాలి, మధ్యాహ్నం దాటుతుంది. క్షమించండి."

ఒకాయన, సాయంత్రం తన విమానం పోతే ఎవరు బాధ్యులని అడిగాడు. ఒక తల్లి పిల్లలిద్దరినీ దగ్గరికి లాక్కుని గ్లెనిస్‌ను ఎంతసేపు చూసిందో చెప్పలేను. మంచి పని చేశావని ఒక్కరూ అనలేదు. ఐలా కూడా తల దించుకునే ఉంది.

వచ్చిన డ్రైవరు పేరు బెవన్. గ్లెనిస్ దగ్గరే ఆ దారి నేర్చుకున్నవాడు. తిరుగు ప్రయాణంలో ఆమె పక్కన ఎవరూ కూర్చోకపోతే ఐలా లేచి వచ్చి కూర్చుందని తర్వాత బెవనే చెప్పాడు.

డనీడిన్ ఆసుపత్రిలో పరీక్షలు చేసి మూర్ఛేనన్నారు. మాత్రలకు తగ్గింది. కానీ జనాన్ని ఎక్కించుకునే లైసెన్సు పోయింది. సొంత కారు కూడా ఏడాది ముట్టుకోవద్దన్నారు. ఆగస్టులో చెప్పిన అబద్ధం కూడా ఆమె దాచలేదు. దాంతో కంపెనీ డ్రైవర్లందరినీ మళ్లీ వైద్య పరీక్షలకు పిలిచింది. వయసు మళ్లిన ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. వాళ్లిప్పుడు కొట్లో గ్లెనిస్ ఎదురైతే మొహం తిప్పుకుంటారు.

చలికాలం సెలవుల్లో ఆమెను చూడ్డానికి వెళ్లాను. ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే పని చేస్తోంది. పనికి నడిచి వెళ్తుంది. వెనక మెట్ల మీద కూర్చున్నాం. ఆ రాత్రి నేనన్న మాటకు క్షమించమన్నాను. ఆ పొద్దున అంత ధైర్యం నాకైతే ఉండేది కాదన్నాను.

"ధైర్యం కాదు. ఇది ఎవరికీ చెప్పలేదు," అంది. "నీ మాట నాకు నచ్చింది. రాత్రంతా ఎంత నెమ్మదిగా నడపాలా, ముందు సీట్లో ఎవరినీ కూర్చోనివ్వకుండా ఎలా చూడాలా అనే ఆలోచించాను. పొద్దున బూట్లు వేసుకుంటుంటే మళ్లీ వచ్చింది. ఒక బూటుకు లేసు కట్టి ఉంది, కట్టినట్టు గుర్తు లేదు. అది రాకపోయి ఉంటే నడిపేదాన్నే."

లోపల ఉతికే యంత్రం ఆగింది, తడి దుప్పట్లు తీయాలంటూ ఆమె మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది.